పెద్దల్లుడు కడిగిన రన్‌వే

విమానాశ్రయంలో ఆయనకు ఒక పేరుండేది. జీతాల గదిలో తప్ప ఆ పేరు ఎవరూ వాడేవారు కాదు. అందరికీ ఆయన పెద్దల్లుడే. ఆ బిరుదు తగిలించింది స్వయానా ఆయన తోడల్లుడు. ఉద్యోగంలో చేరిన మొదటిరోజే అతను క్యాంటీన్‌లో అందరి ముందూ ఆయన చేయి పట్టుకుని, "మా అత్తగారికి ఈయన పెద్దల్లుడు, నేను చిన్నల్లుణ్ణి. నాకు సొంత అన్నయ్య కింద లెక్క" అన్నాడు. ప్రేమగానే అన్నాడు. ఆ ప్రేమే ఆయనకు మొదటి ముల్లయింది. ఇన్నేళ్ళుగా తాను మెలిగిన చోట, నిన్న కాక మొన్న వచ్చినవాడు తనను పదిమందికి పరిచయం చేయడమేమిటి?

పెద్దల్లుడి పని రన్‌వే కడగడం. వినడానికి నవ్వొస్తుంది గాని అది చిన్న పని కాదు. విమానం దిగేటప్పుడు గాలిలో తిరగకుండా ఉన్న చక్రం నేలను తాకగానే ఒక్కసారిగా గిర్రున తిరుగుతుంది. ఆ రాపిడికి టైరు రబ్బరు కరిగి నేలకు అంటుకుంటుంది. అలా అంటుకోగా అంటుకోగా విమానాలు దిగే చోటంతా పెనం అడుగులా నల్లబడుతుంది. ఎండలో దానివల్ల భయమేమీ లేదు. వాన పడితేనే చిక్కు. నీళ్ళు జారిపోవడానికి రన్‌వే మీద అడ్డంగా కోసిన సన్నని గాడులు రబ్బరుతో పూడిపోయి ఉంటాయి కాబట్టి, పైన నీటి పొర నిలుస్తుంది. వేగంగా వచ్చిన చక్రం ఆ పొర మీద తేలిపోతుంది. కింద నేల ఉన్నా దానికి అందదు. బ్రేకు వేస్తే ఆగదు, తిప్పితే తిరగదు.

ఆ రబ్బరును వదిలించడానికి నీళ్ళను సూదుల్లా చిమ్మే పెద్ద లారీ ఒకటి ఉంది. మధ్యాహ్నం విమానాలు లేని వేళ చూసి పెద్దల్లుడు దాన్ని తోలేవాడు. వెనకాల గొట్టాలు చూసుకోవడానికి ఒక మనిషి ఉండేవాడు. అందరూ అతన్ని గొట్టాలాయన అనేవారు. పని మొదలుపెట్టే ముందు పెద్దల్లుడు స్టీరింగు మీద చేతులుంచి కళ్ళు మూసుకుని, "స్వామీ, దిగేవాళ్ళందరినీ చల్లగా దింపు" అనుకునేవాడు. రన్‌వే అంచు గడ్డిలో ఏదైనా పిట్ట గుడ్లు పెడితే, కోత యంత్రం అటు రాకుండా ఎర్రగుడ్డ కట్టిన పుల్ల గుచ్చివచ్చేవాడు. ఎవరూ చెప్పకుండా చేసే పని అది. ఆయన ఎలాంటి మనిషో దాన్నిబట్టే తెలుసుకోవచ్చు.

ఇక చిన్నల్లుడి బండి. చూడడానికి మామూలు చిన్న కారు. దాని కడుపు కింద అయిదో చక్రం ఒకటి ఉంటుంది. బండి పరుగెత్తుతూ ఆ చక్రం ముందు నీళ్ళు పోసుకుంటూ, ఆ తడిలో చక్రాన్ని కాస్త బిగబట్టి ఈడుస్తుంది. నేలకు ఎంత పట్టుందో లోపల తెర మీద అంకె పడుతుంది. అంకె పైకుంటే నేల బాగున్నట్టు. కిందికొస్తే కడిగినవాడు మళ్ళీ కడగాలి. అంటే పెద్దల్లుడు రుద్దిన నేలకు మార్కులు వేసేది చిన్నల్లుడన్నమాట.

ఆ కారు కొత్తగా వచ్చినప్పుడు తనకే ఇస్తారని పెద్దల్లుడు ఆశపడ్డాడు. కంప్యూటరు నేర్చినవాళ్ళు కావాలన్నారు పైవాళ్ళు. పైగా ఉద్యోగం ఖాళీ ఉందని తోడల్లుడికి కబురు చెప్పింది ఆయనే. తన లారీ వెనక గొట్టాలు పట్టుకునే పనికి వస్తాడని లోలోపల ఊహించుకున్నాడు. అతను వచ్చి నేరుగా ఏసీ కారెక్కాడు. "మీరే కదండీ పిలిపించారు" అని భార్య అంటే, "పిలిపించాను. నెత్తినెక్కమన్నానా?" అని తువ్వాలు దులుపుకుని లేచిపోయాడు.

ఇంట్లో ఇంకో బాధ. అత్తగారు ఉండేది పెద్దల్లుడింట్లోనే. ముందుగదిలో కిటికీ పక్కన ఆవిడ మంచం. ఫ్యాను గాలి ఆవిడకు తగలాలని ఆయన తన మంచం గోడవైపు జరుపుకున్నాడు. చలికాలం స్నానానికి వేణ్ణీళ్ళు తోడిపెట్టేదీ ఆయనే. అయినా సాయంత్రం చిన్నల్లుడు అలా వచ్చి, ఆవిడ కళ్ళలో రెండు చుక్కల మందు వేసి, "అత్తయ్యా, ఇవాళ కాటుక పెట్టుకున్నట్టు మెరుస్తున్నాయే!" అంటే చాలు, ఆవిడ నవ్వు వంటింటిదాకా వినబడేది.

"మా చిన్నవాడి చేతిలో ఏముందో గాని, చుక్క పడ్డట్టే తెలీదు నాయనా."

"రోజూ నేను వేస్తే మాత్రం మంటెత్తుతుందా?" అని పెద్దల్లుడు గోడతో అన్నాడు.

"మిమ్మల్నేమీ అనలేదండీ అల్లుడుగారూ."

అదీ ఆయన బాధే. తనను మీరనీ గారనీ అంటుంది. అతన్ని నాయనా, నువ్వు అంటుంది. మర్యాద అంతా తనకు, ముద్దంతా అతనికి. ఇలాంటివి ఎవరితో చెప్పుకోగలం? చెబితే నవ్వుతారు. ఆయన చెప్పుకోలేదు. పళ్ళెంలో అన్నం కలుపుతూ కలుపుతూ లోపలే ఉడికేవాడు.

ఒకరోజు ఆయన కడిగిన నేల మీద అంకె తగ్గింది. చిన్నల్లుడు కారు దిగి, సిబ్బంది అంతా నిలబడి టీ తాగుతున్న చోటికొచ్చి, "అన్నయ్యా, కొంచెం తగ్గింది. మళ్ళీ ఓసారి రుద్దాలి" అన్నాడు. గొట్టాలాయన ఊరుకోకుండా, "చూశారా, చిన్నల్లుడుగారు పెద్దల్లుడుగారిని ఫెయిల్ చేసేశారు! ఇక అత్తగారింట్లో అన్నం పెడతారో లేదో" అన్నాడు. అందరూ నవ్వారు. పెద్దల్లుడూ నవ్వాడు. టీ మాత్రం సగం గ్లాసు అలాగే వదిలేశాడు.

ఆ కోపంతోనే లారీ దగ్గరికి నడుస్తుంటే ఆయనకు నేల మీద ఒక సంగతి కనబడింది. అయిదో చక్రం నీళ్ళు పోసుకుంటూ వెళ్ళింది కదా, ఎండిన రన్‌వే మీద ఆ తడి సన్నని చారలా మిగిలింది. నడిమి గీతకు కాస్త ఎడంగా, ఇటొకటి, అటొకటి. బండి ఎప్పుడూ ఆ రెండు దారుల్లోనే వెళుతుంది. మార్కులు పడేది అక్కడే. మిగతా నల్లదనం మొహం ఎవరూ చూడడం లేదు.

మరుసటి రోజు నుంచి ఆయన లారీని ఆ చారల మీదే ఒకటికి రెండుసార్లు నడిపాడు. విమానాల మధ్య దొరికే ఖాళీ కొంచెమే. చారలు తళతళలాడేసరికి ఖాళీ అయిపోయేది.

"పక్కల మాటేమిటి పెద్దల్లుడుగారూ?" అన్నాడు గొట్టాలాయన.

"వచ్చేసారి చూద్దాంలే."

"వచ్చేసారి కూడా ఇదే అంటారేమో!"

"నువ్వు గొట్టం చూసుకో నాయనా, నేను నేల చూసుకుంటాను."

అంకె పెరిగింది. మామూలుగా పెరగడం కాదు, ఆ బండి వచ్చినప్పటి నుంచీ అంత మంచి అంకె పడలేదు. చిన్నల్లుడు ఆ సాయంత్రం సంచి నిండా పళ్ళు పట్టుకొచ్చి, చెప్పులు విప్పకుండానే గుమ్మంలో నిలబడి కేకేశాడు: "అత్తయ్యా! అన్నయ్య ఇవాళ ఏం చేశాడో తెలుసా? రన్‌వే బాగోగులు చూసే మా ఇంజినీరమ్మ నా అంకె చూసి నమ్మలేక రెండోసారి నడపమంది!"

అత్తగారు మంచం మీద లేచి కూర్చుంది. పెద్దల్లుడి వంక చూసి, "పనిలో మా పెద్దల్లుడి తరవాతేనమ్మా ఎవరైనా" అని పెద్దకూతురితో అంది. ఆ మాట కోసం ఆయన ఎన్నాళ్ళుగా కాచుకుని ఉన్నాడో ఆ భగవంతుడికే తెలుసు. ఆ రాత్రి అన్నం మారు వడ్డించుకుని తిన్నాడు. ఆ మాట మళ్ళీ వినాలంటే మళ్ళీ అంత అంకె పడాలి. పక్కలు వచ్చేసారికి, ఆ పైసారికి వాయిదా పడుతూ పోయాయి. ఎండలు కదా అని మనసుకు సర్ది చెప్పుకున్నాడు.

వానలు మొదలయ్యాయి. అప్పటిదాకా ఆ ఊరికి చిన్న విమానాలే వచ్చేవి. వాటి చక్రాలు ఇంచుమించు ఆ శుభ్రమైన చారల మీదే పడేవి. ఆ నెలలో పెద్ద విమానం కొత్తగా రావడం మొదలెట్టింది. దాని చక్రాల మధ్య ఎడం ఎక్కువ. కుండపోతగా కురుస్తున్న ఒక ఉదయం అది దిగింది. పెద్దల్లుడు షెడ్డు కింద నిలబడి చూస్తున్నాడు. చక్రాలు నేలను తాకాయి. నీళ్ళు రెండు రెక్కల్లా లేచాయి. ఆ తరవాత వేగం తగ్గాలి. తగ్గలేదు. అంత పెద్ద విమానమూ సబ్బు ముక్కలా పక్కకు జారుతూ, ముక్కు ఒకవైపు తిరిగి, రన్‌వే దాటి బురదలోకి దిగి ఒరిగి ఆగింది.

దేవుడి దయవల్ల ఎవరి ప్రాణానికీ ముప్పు రాలేదు. కొందరికి నుదుళ్ళు బొప్పికట్టాయి. అందరూ పరుగెత్తారు. చిన్నల్లుడు తన వానకోటు విప్పి పసిబిడ్డ తల్లికి కప్పాడు. టీ కొట్టు ఆవిడ ఎవరూ అడక్కుండానే పాత్ర పాత్రంతా ఎత్తుకొచ్చింది. పెద్దల్లుడు ఒక ముసలాయన్ని వీపు మీద ఎక్కించుకుని బురద దాటించాడు. "పడిపోతావేమో బాబూ, దింపెయ్" అని ఆ ముసలాయన ఈయన గురించే భయపడ్డాడు. పైలట్ మెట్ల పక్కన నిలబడి గ్లాసు అందుకుంటే టీ చేతి మీద ఒలికింది. "తొక్కాను... తొక్కుతూనే ఉన్నాను... కింద ఏమీ లేనట్టే ఉంది" అంటున్నాడు. పెద్దల్లుడు ఆ మాట విని తల తిప్పుకున్నాడు.

మధ్యాహ్నానికి అనుమానం చిన్నల్లుడి మీదికి మళ్ళింది. రన్‌వే బాగుందని రాసిచ్చింది అతని బండే కదా. రుద్దినవాడు సొంత తోడల్లుడు కాబట్టి లేని అంకె వేసి ఉంటాడని ఒకరన్నారు. ఇంకొకరు, ఇంకేముంది, ఉద్యోగం ఊడినట్టే అన్నారు. ఇంజినీరమ్మ మంచిదే, గొంతు పెంచి మాట్లాడే మనిషి కాదు. పెద్దల్లుణ్ణి పిలిచి కారు తాళం చేతిలో పెట్టింది.

"విచారణ అయ్యేదాకా అతను బండి ముట్టకూడదు. నడపడం మీకు వచ్చు. తెర సంగతి నేను చూసుకుంటాను. వాన తగ్గాక రేపు పొద్దున నేనే మీ పక్కన కూర్చుంటాను."

తాళం అరచేతిలో పడగానే ఆయన గుండె ఎగిరి గంతేసింది. సిగ్గుపడవలసిన సంతోషమే, అయినా వచ్చింది. ఎవరూ లేనప్పుడు కారెక్కి సీటు తన ఎత్తుకు జరుపుకున్నాడు. అద్దం తనవైపు తిప్పుకున్నాడు. వీపు వెనక మెత్తగా తగిలితే తీసి చూశాడు. చిన్న దిండు. దాని గలీబు అత్తగారి పాత చీర అంచుతో కుట్టింది. ఆ కుట్టు ఆయనకు తెలుసు. చుక్కల మందు కావలసిన కళ్ళతో, ఈ చీర ముక్కను ఎప్పుడు కుట్టింది? తన లారీ సీటుకు ఇన్నేళ్ళలో ఒక గుడ్డపేలిక కూడా రాలేదే! దిండును వెనక సీట్లోకి విసిరి, చాలాసేపు స్టీరింగు పట్టుకుని కూర్చున్నాడు. పోనీ ఉద్యోగం, ఊడితే ఊడనీ అనుకున్నాడు. అంత మాట అనుకున్నాక భయమేసి, అనకూడని మాట అన్నందుకు లెంపలేసుకున్నాడు.

ఇంటికి వెళ్ళేసరికి చిన్నల్లుడు అత్తగారి మంచం పక్కన కూర్చుని ఉన్నాడు. అతని భార్య వంటింట్లో అక్క భుజం మీద తలపెట్టి ఏడుస్తోంది. తాళం సంగతి అప్పటికే వాళ్ళకు తెలుసు.

"నీకే ఇచ్చారట కదా, మంచిదయింది" అన్నాడు చిన్నల్లుడు. "వేరే ఎవడికో ఇచ్చి ఉంటే బండి పాడుచేసేవాడు. క్లచ్ కొంచెం గట్టిగా ఉంటుంది అన్నయ్యా, చూసుకో."

పెద్దల్లుడు తాళం జేబులోకి తోసేసి చెప్పులు విప్పాడు.

"ఇంకోటి. నీ పని గురించి ఎవరైనా మాటంటే ఊరుకోకు. నన్నడిగారు, మీ అన్నయ్య సరిగ్గా కడగలేదేమో అని. ఆయన ఎలా రుద్దుతాడో నా బండికి తెలుసు సార్ అన్నాను. నా తెర చెడిపోయుంటుంది. అంతే."

ఇన్నేళ్ళ కడుపుమంటలో ఆయన ఎదురుచూసింది అతను తన గురించి ఒక్క చెడ్డమాట అనాలని. అంటే తన మంటకు ఒక న్యాయం దొరికేది. అతను అనలేదు. పెద్దల్లుడు అన్నం వద్దని పడుకున్నాడు.

పొద్దున తెరిపి ఇచ్చింది. ఇంజినీరమ్మ పక్కన కూర్చుంది. ఆయన బండిని మామూలు దారిలో నడిపాడు. తెర మీద అంకె పడింది. ఎప్పటిలాగే మంచి అంకె.

"అయితే అతను తప్పు రాయలేదు" అంది ఆవిడ ఊపిరి వదిలి. "నాకూ అదే నమ్మకం. మీ ఇద్దరి పనీ బాగానే ఉంది. ఇక మిగిలింది పైలటే. వేగంగా దిగుంటాడు. అలాగే రాస్తాను."

బండి ఆగింది. అందరూ గట్టెక్కినట్టే. తోడల్లుడి ఉద్యోగం నిలబడింది, తన పేరు నిలబడింది. ఇక్కడితో తాళం తిరిగిచ్చేసి ఇంటికి పోతే అడిగేవాడు లేడు. పెద్దల్లుడికి టీ ఒలికిన ఆ చెయ్యి కనబడింది. ఆకాశం ఇంకా నల్లగానే ఉంది. సాయంత్రం మళ్ళీ ఆ పెద్ద విమానమే దిగుతుంది. తన వీపు మీద ఎక్కిన ముసలాయన బరువు భుజాలకు ఇంకా తెలుస్తూనే ఉంది. చెబితే అతను దొర అవుతాడు, తాను దొంగ అవుతాడు. అత్తగారి ముందు, గొట్టాలాయన ముందు, భార్య ముందు కూడా. అదీ కనబడింది.

"అమ్మా, ఇంకోసారి వెళ్దాం" అన్నాడు. "ఈసారి కొంచెం పక్కగా."

"పక్కగా ఎందుకు? కొలిచే దారి ఇదే కదా."

"అందుకేనమ్మా."

బండి తిప్పాడు. చార వదిలి, పెద్ద విమానం చక్రాలు పడే చోట నడిపాడు. అంకె గభాలున కిందికి పడిపోయింది. ఇంజినీరమ్మ తెర మీద వేలుతో కొట్టి చూసింది. తరవాత కిటికీలోంచి నేలను చూసింది. తళతళలాడే రెండు చారలు, మిగతా అంతా నలుపు. ఆవిడకు ఎవరూ ఏమీ చెప్పనక్కరలేకపోయింది.

"ఎందుకిలా చేశారండీ?" అంది. కోపంగా కాదు, ఏదో పోగొట్టుకున్నట్టు.

"మా తోడల్లుడు నాకు మార్కులు వేస్తుంటే ఓర్చుకోలేకపోయానమ్మా" అన్నాడు ఆయన. అంతకంటే మంచి కారణం ఆయన దగ్గర లేదు.

ఆ సాయంత్రపు విమానాన్ని వేరే ఊరికి మళ్ళించారు. రన్‌వే అంతా అంచు నుంచి అంచుదాకా కడిగించారు. పైలట్ మీద మాట రాలేదు. చిన్నల్లుడికి కారు తిరిగి ఇచ్చారు. ఆ బండి ఇకమీదట ఒక్క దారిలో కాదు, రోజుకో దారిలో నడవాలని ఉత్తరువు వచ్చింది. పెద్దల్లుణ్ణి లారీ దింపి, యంత్రం అందని అంచుల్లో చేత్తో గడ్డి కోసేవాళ్ళలో వేశారు. ఇంజినీరమ్మ చెప్పబట్టి ఉద్యోగం మిగిలింది. మొదటిరోజు కొడవలి పట్టుకుని వెళుతుంటే గొట్టాలాయన ఒక్క జోకూ వెయ్యలేదు. తన టీలో సగం వేరే గ్లాసులో పోసి చేతికిచ్చాడు.

ఇంట్లో మాత్రం సంగతి ఆయనే చెప్పాడు, మంచం ముందు నిలబడి, ఏదీ దాచకుండా. చారలు, అంకెలు, "పెద్దల్లుడి తరవాతే" అన్న మాట, అన్నీ.

"నేను ఒక్క మంచిమాట అనకపోతే విమానం జారుతుందని నాకేం తెలుసు అల్లుడుగారూ" అంది అత్తగారు. "తెలిస్తే రోజూ అనేదాన్ని కదా. వేణ్ణీళ్ళు పెట్టే చేతికి వేరే పొగడ్త ఎందుకని ఊరుకున్నాను." కొంగుతో కళ్ళు ఒత్తుకుని, "వెళ్ళి అన్నం తినండి. చల్లారిపోతోంది" అంది.

చిన్నల్లుడు కొన్నాళ్ళు ఆ ఇంటి వైపు రాలేదు. విమానాశ్రయంలో ఎదురుపడితే తల వంచుకుని కారు పోనిచ్చేవాడు. అన్నయ్యా అన్న పిలుపు చెవిన పడక పెద్దల్లుడికి రోజు రోజులా ఉండేది కాదు. ఒక ఆదివారం మధ్యాహ్నం ఆయన గుమ్మం మెట్టు మీద కూర్చుని కొడవలి నూరుకుంటుంటే అతను వచ్చి ఎదురుగా నిలబడ్డాడు.

"నాతో ఒక్క మాట అనుంటే సరిపోయేది కదా" అన్నాడు.

"ఏమని అననూ? నిన్ను చూస్తే నా కళ్ళు మండుతున్నాయని అననా?"

"అనాల్సింది. నేనేమన్నా కొడతానా? ఆ కారు నాకిచ్చిన రోజు నీ మొహం చూశాను. మర్నాడే వెళ్ళి, అన్నయ్యకిచ్చి నన్ను లారీ మీద వెయ్యండని అడిగాను. కుదరదన్నారు. అది నీకు చెబితే జాలిపడ్డాననుకుంటావని చెప్పలేదు."

"అనుకునేవాణ్ణే."

"నాకు ఉద్యోగం పోయేది అన్నయ్యా. దొంగ అంకెలవాడని పేరు పడేది. నేను నిన్ను వెనకేసుకొస్తుంటే నువ్వు అక్కడే నిలబడి విన్నావు. అది మాత్రం నాకు ఇంకా పోలేదు."

"పోదు" అన్నాడు పెద్దల్లుడు. "పోవాలని నేను అడగను కూడా."

లోపలినుంచి అత్తగారు ఎవరొచ్చారని అడుగుతోంది.

"సరే గాని, నిజం చెప్పు" అన్నాడు చిన్నల్లుడు. "ఇంత జరిగాకైనా నా మీద ఆ మంట తగ్గిందా?"

పెద్దల్లుడు కొడవలి పక్కన పెట్టాడు. ఎదురుగా నిలబడ్డవాణ్ణి, అతని ఇస్త్రీ చొక్కాను, జేబులో కనిపిస్తున్న చుక్కల మందు సీసాను చూశాడు. దేవుడి ఎదట ఉన్నట్టే ఆలోచించాడు.

"లేదు" అన్నాడు.

చిన్నల్లుడికి నవ్వాగలేదు. కళ్ళలో నీళ్ళు తిరుగుతుండగానే నవ్వేశాడు. "పోన్లే, ఇన్నాళ్ళకు ఒక్క నిజం చెప్పావు" అన్నాడు.

పెద్దల్లుడు కాస్త జరిగి మెట్టు మీద చోటిచ్చాడు.